తక్కువ ఖర్చులో రీఫ్ ట్యాంకుకు నీళ్లు: బోరు నుంచి పగడాల దాకా

ఇంట్లో పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియమే రీఫ్ ట్యాంకు. 100 లీటర్ల ట్యాంకుకు నెలకు ఎన్ని నీళ్లు కావాలో ముందు లెక్క వేద్దాం. వారానికి 10 లీటర్ల చొప్పున మారిస్తే నెలకు 40 లీటర్ల ఉప్పునీళ్లు కావాలి. ఆవిరైపోయేవి వేరే. ఎండాకాలంలో నీళ్లు వేడెక్కకుండా ట్యాంకు మీద ఫ్యాను పెడితే రోజుకు 2 లీటర్లు తగ్గిపోవచ్చు. అంటే ఆ లోటు నింపే టాప్ అప్‌కే నెలకు మరో 60 లీటర్లు. చాలామంది దృష్టి ఉప్పు ధర మీదే ఉంటుంది కానీ, ట్యాంకులోకి వెళ్లే నీళ్లలో ఎక్కువ భాగం ఉప్పు కలపని మంచినీళ్లే.

ఆవిరయ్యేది నీరు మాత్రమే, దానిలో కరిగి ఉన్నవన్నీ ట్యాంకులోనే మిగిలిపోతాయి. 100 టీడీఎస్ (లీటరు నీటిలో కరిగి ఉన్న పదార్థాలు, మిల్లీగ్రాముల్లో) ఉన్న నీళ్లతో నెలంతా టాప్ అప్ చేస్తే 60 లీటర్లతో పాటు 6 గ్రాముల సరుకు లోపల చేరుతుంది. అందులో నైట్రేట్, సిలికా, ఫ్లోరైడ్, ఒక్కోసారి రాగి కూడా ఉండొచ్చు. మార్చి నెలలో పెట్టిన ట్యాంకు జూన్‌కల్లా గోధుమరంగు తెట్టుతో నిండిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

అందుకని ఖర్చు తగ్గించుకోవడానికి నేను నమ్మే సూత్రం ఒకటే. మడ్డిని ఆపే సెడిమెంట్ ఫిల్టర్, క్లోరిన్ ఆపే కార్బన్ ఫిల్టర్, లవణాలను ఆపే ఆర్వో మెంబ్రేన్, మిగిలిన లవణాలను పీల్చుకునే డీఐ రెజిన్ గుళికలు, ఈ వరసలో ఏ దశనూ ఎగ్గొట్టకూడదు. ప్రతి దశా తన తర్వాతి దశ మీద పడే బరువును తగ్గించాలి. ఇందులో అన్నిటికంటే త్వరగా అయిపోయేది చివర ఉండే డీఐ రెజిన్. దానితో ఎంత తక్కువ పని చేయిస్తే అంత డబ్బు మిగులుతుంది.

ముందు మీ ఇంటి నీళ్లను కొలవండి

మొదట కొనాల్సింది టీడీఎస్ మీటర్. కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. హైదరాబాద్‌కు కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు వస్తాయి. కానీ అపార్ట్‌మెంట్ కుళాయిలో వచ్చేది అచ్చంగా నది నీరని అనుకోవద్దు. సంపులో మెట్రో నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు అన్నీ కలుస్తాయి. సోమవారం 300 చూపించిన మీటర్ గురువారం 900 చూపించవచ్చు. ఒక వారం పాటు రోజూ కొలిచి రాసుకోండి. మీటర్ అంకె తక్కువ ఉన్న రోజునే నెలకు సరిపడా నీళ్లు శుద్ధి చేసి డ్రమ్ములో నింపుకుంటే, పైసా ఖర్చు లేకుండా ఫిల్టర్ల ఆయువు పెరుగుతుంది.

సంపు కడిగి బ్లీచింగ్ పౌడర్ వేసిన రోజు మాత్రం ఆర్వో ఆన్ చేయకండి. క్లోరిన్ మెంబ్రేన్‌ను పాడు చేస్తుంది. కార్బన్ ఫిల్టర్ దాన్ని ఆపుతుంది గానీ, మోతాదు ఎక్కువైతే చేతులెత్తేస్తుంది. రెండు రోజులు ఆగడం మంచిది.

బోరు నీళ్ల కథ వేరు. క్లోరిన్ ఉండదు. దానికి బదులు గట్టిదనం, నైట్రేట్, నల్గొండ లాంటి ప్రాంతాల్లో ఫ్లోరైడ్ ఉంటాయి. మన గ్రానైట్ రాళ్ల కింది నీళ్లలో సిలికా కూడా ఉంటుంది. సిలికాను టీడీఎస్ మీటర్ సరిగా పట్టుకోలేదు. ఎందుకంటే ఆ మీటర్ కొలిచేది నీటిలో విద్యుత్ ప్రసరణను మాత్రమే, సిలికాకు ఆ గుణం దాదాపు లేదు. మీటర్ సున్నా చూపించినా గాజు మీద గోధుమరంగు డయాటమ్ (సిలికాతో పెరిగే సూక్ష్మ నాచు) పొర వస్తుంటే ముందు సిలికానే అనుమానించండి.

వంటింటి ఆర్వో సరిపోతుందా?

సరిపోతుంది, కానీ కుళాయి దగ్గర పట్టుకుంటే కాదు. తాగడానికి తయారైన మెషిన్లలో మెంబ్రేన్ దాటాక నీళ్లకు రుచి కోసం మళ్లీ ఖనిజాలు కలుపుతారు. టీడీఎస్ కంట్రోలర్ ఉంటే కొంత ముడి నీటిని నేరుగా కలిపేస్తుంది. కొన్నిటిలో కాపర్ కార్ట్రిడ్జ్ ఉంటుంది. రాగి మనిషికి పరవాలేదు, పగడాలకూ రొయ్యలకూ నత్తలకూ విషం. కాబట్టి మెంబ్రేన్ హౌసింగ్ నుంచి శుద్ధమైన నీరు బయటికి వచ్చే పైపు దగ్గరే ఒక టీ జాయింట్, చిన్న వాల్వ్ బిగించి, అక్కడి నుంచి విడిగా పైపు లాగాలి. సర్వీసుకు వచ్చే కుర్రాడికి చెబితే పది నిమిషాల్లో చేసిపెడతాడు. వారంటీలో ఉన్న మెషిన్ అయితే దాన్ని కదపకుండా విడి సెట్టు చూసుకోండి.

విడిగా పెట్టుకోవాలంటే అక్వేరియం పేరుతో అమ్మే దిగుమతి యూనిట్ అక్కర్లేదు. ఆర్వో స్పేర్ పార్టులు అమ్మే షాపులో సెడిమెంట్ ఫిల్టర్, కార్బన్ ఫిల్టర్, బూస్టర్ పంపు, దాని అడాప్టర్, మెంబ్రేన్, హౌసింగ్, ఫ్లో రెస్ట్రిక్టర్ (వేస్ట్ నీటిని అదుపు చేసి ప్రెషర్ నిలిపేది) విడివిడిగా దొరుకుతాయి. పని అదే, ధర చాలా తక్కువ. ఒక్క మెంబ్రేన్ విషయంలో మాత్రం చవకది తీసుకోవద్దు. మంచి మెంబ్రేన్ 95 శాతానికి పైగా లవణాలను ఆపుతుంది. 800 టీడీఎస్ లోపలికి పోతే 40 లేదా అంతకంటే తక్కువ బయటికి రావాలి. 60 దాటిందంటే మెంబ్రేన్ అయినా పోయి ఉండాలి, పంపు ప్రెషర్ అయినా తగ్గి ఉండాలి.

దీనితో బాగా పని చేయించుకోవడానికి మూడు అలవాట్లు ఉన్నాయి. ఆన్ చేసిన మొదటి కొన్ని నిమిషాల నీళ్లు పారబోయండి. మెషిన్ ఆగి ఉన్నప్పుడు మెంబ్రేన్‌కు రెండు వైపులా ఉన్న నీళ్లు మెల్లగా సమానమవుతాయి, అందుకే మొదటి నీళ్ల టీడీఎస్ ఎప్పుడూ ఎక్కువే. రెండోది, ఎండాకాలంలో తెల్లవారుజామునే నడపండి. మేడ మీది ట్యాంకులో మధ్యాహ్నానికి నీళ్లు కాగిపోతాయి. నీళ్లు ఎంత వేడిగా ఉంటే మెంబ్రేన్ గుండా లవణం అంత ఎక్కువగా జారుతుంది. పైగా 45 డిగ్రీలకు చేరితే మెంబ్రేనే దెబ్బతింటుంది. మూడోది, వేస్ట్ వాటర్ మరీ తగ్గించే ప్రయత్నం చేయవద్దు. గట్టి నీళ్లున్న చోట అలా చేస్తే మెంబ్రేన్ మీద సున్నం పేరుకుని ముందే పోతుంది. ఆ నీళ్లు బాత్రూముకి, ఇల్లు తుడవడానికి, వాకిలి కడగడానికి వాడుకోవచ్చు. కుండీల్లో మొక్కలకు మాత్రం వద్దు, ఉప్పు పేరుకుపోతుంది.

డీఐ రెజిన్: డబ్బు మిగిలేది ఇక్కడే

ఆర్వో తర్వాత మిగిలిన కొద్దిపాటి లవణాన్ని పూర్తిగా తీసేది మిక్స్‌డ్ బెడ్ రెజిన్, అంటే క్యాటయాన్, ఆనయాన్ అనే రెండు రకాలు కలిపిన డీఐ రెజిన్. దాని లెక్క సూటిగా ఉంటుంది. లోపలికి వచ్చే టీడీఎస్ సగమైతే అదే రెజిన్ రెట్టింపు నీళ్లను శుద్ధి చేస్తుంది. 20 టీడీఎస్ నీళ్లను 1000 లీటర్లు శుద్ధి చేసే రెజిన్, 5 టీడీఎస్ నీళ్లయితే 4000 లీటర్ల దాకా వస్తుంది. అదే రెజిన్‌లోకి నేరుగా 400 టీడీఎస్ కుళాయి నీళ్లు పంపితే 50 లీటర్లకే అయిపోతుంది. ఆర్వో లేకుండా డీఐ ఒక్కటే పెట్టుకుందామనే ఆలోచన అందుకే ఖరీదైనది.

బోరు నీళ్లు వాడేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది, దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఆర్వో నీళ్ల టీడీఎస్ 10 లోపే ఉంటుంది, అయినా రెజిన్ నెల తిరక్కుండానే రంగు మారిపోతుంది. కారణం నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్. భూమి లోపలి నీళ్లలో ఇది ఎక్కువ. వాయువు కాబట్టి మెంబ్రేన్‌లోంచి హాయిగా దాటిపోతుంది, మీటర్‌కు దాదాపు కనిపించదు, ఆ రెండు రకాల్లో ఒకటైన ఆనయాన్ రెజిన్‌ను తినేస్తుంది. దీనికి మందు చాలా చవక. ఆర్వో నీళ్లను నేరుగా రెజిన్‌లోకి పంపకుండా ఒక డ్రమ్ములో పట్టి, ఎయిర్ పంపుతో రాత్రంతా గాలి బుడగలు పోనివ్వండి. అదనపు కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి వెళ్లిపోతుంది. మర్నాడు ఆ నీళ్లను చిన్న పంపుతో మెల్లగా రెజిన్ గుండా పంపండి. రెజిన్ ఎక్కువ కాలం రావడం మీ కళ్లకే కనిపిస్తుంది.

రెజిన్‌ను నిలువు గొట్టంలో ఖాళీ లేకుండా బిగువుగా నింపాలి, నీళ్లు కింది నుంచి పైకి వచ్చేలా పెట్టాలి. వదులుగా ఉంటే నీళ్లు ఒక పక్కన దారి చేసుకుని శుద్ధి కాకుండానే బయటపడతాయి. రంగు మారే రెజిన్ అయితే ఎంత మిగిలిందో చూస్తూ ఉండవచ్చు. బయటికి వచ్చే నీళ్ల టీడీఎస్ 1 చూపించగానే మార్చేయండి. ఇంకొన్నాళ్లు లాగుదామని చూడవద్దు. రెజిన్ నిండిపోయాక అంతకుముందు పట్టుకున్న సిలికా లాంటివాటినే ముందుగా వదిలేస్తుంది, అప్పుడు ఫిల్టరే కాలుష్యానికి మూలమవుతుంది. ఆమ్లం, కాస్టిక్ సోడా పోసి ఇంట్లోనే రెజిన్ మళ్లీ తయారు చేసుకునే పద్ధతుల జోలికి పోవద్దని నా గట్టి సలహా. మిగిలే డబ్బుకు ఆ ప్రమాదం తగదు.

ఆర్వో పెట్టుకునే వీలు లేనివాళ్లు

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు, 40 లీటర్ల చిన్న ట్యాంకు ఉన్నవాళ్లకు ఒక దారి ఉంది. వీధిలో వాటర్ ప్లాంట్ నుంచి వచ్చే 20 లీటర్ల క్యాన్. అది ఆర్వో నీరే. కానీ రుచి కోసం ముడి నీరు కలుపుతారు కాబట్టి నేరుగా పనికిరాదు. క్యాన్ తెచ్చిన ప్రతిసారీ టీడీఎస్ చూసి, 50 లోపు ఉంటే చిన్న డీఐ గొట్టం గుండా పంపి వాడుకోండి. నాలుగు ప్లాంట్ల నీళ్లు కొలిస్తే ఒకటైనా తక్కువ అంకెతో దొరుకుతుంది.

బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ మీద నాకు నమ్మకం లేదు. అది ఎలా తయారైందో, ఏ డబ్బాలో నిల్వ ఉందో తెలియదు. ఏసీ నుంచి కారే నీళ్లు స్వచ్ఛంగా కనిపిస్తాయి గానీ రాగి గొట్టాలనూ దుమ్మునూ తాకి వస్తాయి, వాటిని అసలు వాడకండి. నగరంలో వాన నీళ్లకూ అదే మాట.

సముద్రం దగ్గర ఉన్నవాళ్లకు

విశాఖ, భీమిలి, కాకినాడ, బాపట్ల వైపు ఉన్నవాళ్లు సముద్రపు నీళ్లే ఎందుకు వాడకూడదని అడుగుతారు. వాడవచ్చు, కాలం చూసుకోవాలి. బంగాళాఖాతంలోకి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ నీళ్లు దిగుతాయి. వర్షాకాలం తర్వాత, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతూ ఆ నదుల నీటిని మన తీరానికి తెస్తుంది. ఉప్పదనం బాగా పడిపోతుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు ప్రవాహం తిరగబడుతుంది, నీళ్లు ఉప్పగా ఉంటాయి. పట్టుకోవాల్సింది అప్పుడే. నదీ ముఖానికి, హార్బరుకు, ఊరి మురుగు కాలువలకు దూరంగా, వీలైతే పడవ మీద లోపలికి వెళ్లి తేవాలి.

శుద్ధి చేసే పద్ధతి మన తీరంలోని రొయ్యల హేచరీల వాళ్లకు బాగా తెలుసు. నీళ్లను తేరనిచ్చి, సన్నని వలలాంటి ఫిల్టరులోంచి వడకట్టి, క్లోరిన్ వేసి, గాలి కొట్టి, సోడియం థయోసల్ఫేట్‌తో మిగిలిన క్లోరిన్ విరిచేస్తారు. ఇంట్లో అయితే 5 మైక్రాన్ల సెడిమెంట్ ఫిల్టరు చాలు. వాసన కలపని 10 శాతం సోడియం హైపోక్లోరైట్ 100 లీటర్లకు 10 మిల్లీలీటర్లు వేస్తే 10 పీపీఎం (లీటరుకు 10 మిల్లీగ్రాముల) క్లోరిన్ అవుతుంది. ఒక రోజంతా గాలి కొట్టి, థయోసల్ఫేట్ వేసి, క్లోరిన్ టెస్ట్ కిట్‌తో సున్నా అని చూసుకున్నాక యాక్టివేటెడ్ కార్బన్ మీదుగా పంపండి. తెలిసిన హేచరీ నుంచే నీళ్లు తెచ్చుకుంటే అందులో మందులు గానీ ఈడీటీఏ (లోహాలను పట్టి ఉంచే రసాయనం) గానీ కలిపారా అని అడిగి తెలుసుకోండి.

ఉప్పదనం 30 పీపీటీ (వెయ్యి గ్రాముల నీటిలో 30 గ్రాముల లవణం) మాత్రమే ఉంటే 35కి తేవడానికి 100 లీటర్లకు సుమారు 540 గ్రాముల సాల్ట్ మిక్స్ (రీఫ్ ట్యాంకుల కోసం అమ్మే ఉప్పు మిశ్రమం) చాలు. పూర్తిగా మంచినీళ్లతో చేస్తే పట్టే దానిలో ఏడో వంతు. విశాఖవాళ్లకు ఇది నిజమైన పొదుపు. హైదరాబాద్ దాకా మోసుకొచ్చే పని మాత్రం గిట్టదు.

నీళ్లు తెచ్చేటప్పుడు ఒడ్డున కనిపించిన పగడాన్నీ సీ ఫ్యాన్‌నూ (విసనకర్ర ఆకారపు పగడం) తెచ్చుకోకండి. గట్టి పగడాలన్నీ, సీ ఫ్యాన్‌లు కూడా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవులు.

కల్లుప్పు ఎందుకు కుదరదు

ఇది చాలామందికి వచ్చే మంచి ప్రశ్న. శ్రీకాకుళం జిల్లా నౌపడలో, చీరాల దగ్గరి చినగంజాంలో సముద్రపు నీళ్లనే ఎండబెట్టి ఉప్పు తీస్తారు. ఆ ఉప్పు మళ్లీ నీళ్లలో కలిపితే సముద్రం తిరిగి రాదా?

రాదు. ఉప్పు మడిలో నీరు చిక్కబడుతుంటే కాల్షియం ముందుగా సున్నంగా, తర్వాత జిప్సంగా దిగిపోతుంది. ఆ తర్వాతే మనం తినే సోడియం క్లోరైడ్ స్ఫటికాలు కడుతుంది. మెగ్నీషియం, పొటాషియం చివరి చేదు ద్రవంలో మిగిలిపోతాయి, దాన్ని వేరు చేసేస్తారు. అంటే పగడం తన అస్థిపంజరం కట్టుకోవడానికి కావాల్సిన కాల్షియం, మెగ్నీషియం రెండూ మన చేతికి వచ్చే ఉప్పులో దాదాపు ఉండవు.

అందుకని సాల్ట్ మిక్స్ కొనాల్సిందే. ఖరీదైన రకం కొననక్కర్లేదు. రెడ్ సీ కంపెనీదే చూడండి: మామూలు రకం ఆల్కలినిటీ (నీటిలో కార్బొనేట్ల బలం, డీకేహెచ్‌లో కొలుస్తారు) 8 డీకేహెచ్ దగ్గర, కోరల్ ప్రో రకం 12 దగ్గర ఉంటుంది. వేగంగా పెరిగే గట్టి పగడాల కోసం తయారైనది ఆ రెండోది. సాఫ్ట్ కోరల్స్, జోయాంథిడ్స్, మష్రూమ్ కోరల్స్ లాంటి గట్టి అస్థిపంజరం లేని రకాలు పెంచేవాళ్లకు మామూలు రకం చాలు. ధర పోల్చేటప్పుడు బకెట్ ధర కాకుండా లీటరు ఉప్పునీటికి ఎంత పడుతుందో చూడండి. ఎక్కువ మిక్సులు 35 పీపీటీకి లీటరుకు 38 నుంచి 40 గ్రాముల మధ్య అడుగుతాయి.

పెద్ద సంచీ కొని స్నేహితులతో పంచుకుంటే చవక. కానీ ముందు మొత్తం సంచీని బాగా దొర్లించి కలిపిన తర్వాతే పంచుకోండి, ప్రయాణంలో బరువు పొడులు అడుగుకు చేరతాయి. వానాకాలంలో తేమ తగలకుండా గాలి చొరని డబ్బాలో ఉంచాలి. గడ్డకట్టిన ఉప్పులో ఆల్కలినిటీ తగ్గి ఉండవచ్చు.

ఉప్పదనం సరిగ్గా కొలవడం

చవక రిఫ్రాక్టోమీటర్‌ను (కాంతి వంపును బట్టి ఉప్పదనం చూపే పరికరం) మంచినీళ్లతో సున్నాకు సెట్ చేసి నమ్మేయడం పెద్ద ప్రమాదం. సున్నా దగ్గర సరిగ్గా ఉన్న పరికరం 35 దగ్గర రెండు మూడు అంకెలు తప్పు చూపవచ్చు. కొలవాల్సిన చోటే సెట్ చేయాలి. ఆ ద్రావణం ఇంట్లోనే తయారవుతుంది. కొత్తగా విప్పిన ప్యాకెట్ నుంచి 73 గ్రాముల మెత్తటి ఉప్పు, 1927 గ్రాముల డీఐ నీళ్లు తూకం వేసి కలపండి. ఇది 3.65 శాతం ద్రావణం, కాంతిని 35 పీపీటీ సముద్రపు నీటిలాగే వంచుతుంది. ఇది ట్యాంకులోకి పోదు కాబట్టి అయోడైజ్డ్ ఉప్పైనా పరవాలేదు. లో సోడియం ఉప్పు మాత్రం వాడవద్దు, అందులో పొటాషియం కలుస్తుంది. మూత బిగించి ఉంచుకుని నెలకోసారి రిఫ్రాక్టోమీటర్ సరిచూసుకోండి. కండక్టివిటీ మీటర్‌కు ఈ ద్రావణం సరిపోదు, దాని లెక్క వేరు.

కలపడం

ఆహార పదార్థాలకు పనికొచ్చే కొత్త డ్రమ్ము కొనండి. రసాయనాలు నిల్వ చేసిన నీలం డ్రమ్ములు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తాయి, వాటిని ముట్టుకోవద్దు. పంపులోని ఇనుప, ఇత్తడి భాగాలేవీ నీటికి తగలకూడదు.

ముందు డ్రమ్ములో డీఐ నీళ్లు పూర్తిగా నింపి, పంపు ఆన్ చేసి, నీళ్లు 25, 26 డిగ్రీల దగ్గర ఉన్నాయో లేదో చూడండి. మన దగ్గర డిసెంబరు, జనవరి తప్ప హీటర్ అవసరం దాదాపు రాదు. ఆ తర్వాత తూకం వేసిన ఉప్పును పిడికెడు పిడికెడుగా, ముందుది కరిగాకే తర్వాతిది వేయండి. డ్రమ్ములో ఉప్పు పోసి పైన నీళ్లు పోస్తే అడుగున ద్రావణం మరీ చిక్కబడి కాల్షియం, కార్బొనేట్ కలిసి తెల్లగా సున్నంలా విరిగిపోతాయి. అది మళ్లీ కరగదు, ఆ ఉప్పు వృథా.

నీళ్లు తేటపడ్డాక కొలవండి. 100 లీటర్లు 36.5 చూపిస్తే 4.3 లీటర్ల డీఐ నీళ్లు కలిపితే 35కి దిగుతుంది. లెక్క సులభం: ఉన్న అంకెను 35తో భాగించి, ఒకటి తీసేసి, లీటర్లతో హెచ్చించడమే. పంపు ఎన్ని గంటలు తిప్పాలో సంచీ మీద రాసి ఉంటుంది, దాన్నే పాటించండి. కొన్ని మిక్సులు రోజంతా తిప్పినా ఏమీ కాదు, కొన్ని ఎక్కువసేపు తిప్పితే విరుగుతాయి.

కొత్త సంచీ తెరిచినప్పుడు ఒకసారి ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం కొలవండి. సహజ సముద్రంలో ఆల్కలినిటీ 7 డీకేహెచ్, కాల్షియం 410 పీపీఎం, మెగ్నీషియం 1280 పీపీఎం ప్రాంతంలో ఉంటాయి. చవక ఉప్పులో ఒకటి తక్కువ ఉంటే సరిచేయడం కష్టం కాదు. 100 లీటర్లకు 3 గ్రాముల తినే సోడా 1 డీకేహెచ్ పెంచుతుంది. 3.7 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ కాల్షియంను 10 పీపీఎం, 8.4 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ మెగ్నీషియంను 10 పీపీఎం పెంచుతాయి. ఒక్కోదాన్ని విడిగా నీళ్లలో కరిగించి, ఒకటి పూర్తిగా కలిసిపోయాకే మరోటి వేయాలి. సోడా, కాల్షియం ఒకేసారి వేస్తే అదే తెల్లటి విరుగుడు. తినే సోడాకు బదులు బేకింగ్ పౌడర్ తేవద్దు, దానిలో ఆమ్లం, పిండి కలిసి ఉంటాయి. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఫుడ్ గ్రేడ్ లేదా ల్యాబ్ గ్రేడ్‌వి మాత్రమే తీసుకోండి.

నిల్వ, వాడకం

టాప్ అప్ నీళ్ల డ్రమ్ముకూ ఉప్పునీళ్ల డ్రమ్ముకూ వేరే రంగు మూతలు పెట్టండి, ఇంట్లో ఎవరు పోసినా పొరపాటు జరగదు. ఆవిరైన నీటికి బదులు ఎప్పుడూ ఉప్పులేని డీఐ నీళ్లే పోయాలి. మూత వేసి, వెలుతురు పడని చోట ఉంచితే డీఐ నీళ్లు వారాల పాటు బాగుంటాయి.

నీళ్లు మార్చేముందు డ్రమ్ములోని నీళ్ల ఉష్ణోగ్రత ట్యాంకుకు ఒక డిగ్రీ తేడాలో, ఉప్పదనం సమానంగా ఉన్నాయని చూడండి. ట్యాంకు ఉప్పదనమే ఎక్కువై 37కి చేరి ఉంటే ఒక్కసారిగా దించకండి. నాలుగు రోజులు రోజుకు సగం అంకె చొప్పున, కొంచెం ఉప్పునీరు తీసి అంతే డీఐ నీరు పోస్తూ మెల్లగా 35కి తీసుకురండి.